కనపడని ట్యాంకులు, చాచా తువ్వాలు

ఆదోనిలో నాకొక ఉద్యోగం ఉండేది. జీతం లేదు, నియమించినవాళ్ళు లేరు, కాబట్టి తీసేసేవాళ్ళూ లేరు. కొత్త సినిమా మొదటి ఆట చూసి బయటికి రావడం, రెండో ఆట కోసం గేటు దగ్గర నిలబడ్డ జనానికి అది ఎట్లుందో ఒక్క మాటలో చెప్పడం, ఇదే పని. నిక్కర్లు వేసుకునే రోజుల్లో, అంటే డెబ్భైల చివర్లో, ఈ పని నాకు అంటుకుంది.

"ఏమప్పా, ఎట్లుండాది?" అని అడిగేవాళ్ళు.

"ఇంటర్వెల్లో బజ్జీలు బాగుండాయి," అనేవాణ్ణి.

సగం మంది ఇంటికి పోయేవాళ్ళు. మిగతా సగం మంది బజ్జీల కోసం లోపలికి పోయేవాళ్ళు. ఒకసారి ఆడవాళ్ళంతా కొంగులు పిండుకుంటూ బయటికొస్తున్న సినిమా గురించి అడిగారు. "ఆయమ్మకు మొదట్లోనే దగ్గొచ్చింది. అప్పుడే డాక్టరుకాడికి పోయింటే మనమంతా అరగంటలో ఇంట్లో ఉంటాంటిమి," అన్నాను. ఏడుస్తున్న ఒక పెద్దావిడ ఏడుపు ఆపి, ఆలోచించి, "అవును గదప్పా!" అంది. అప్పటి నుంచీ థియేటర్ మేనేజరు నన్ను పక్క గేటులోంచి బయటికి పంపించేవాడు.

ఈ విద్యకు అసలైన పని దొరికింది మాత్రం ఎనభైల్లో, నా స్నేహితుడి ఇంటి ముందు గదిలో.

వాళ్ళ నాన్న పత్తి దలాలు, రైతుకూ కొనేవాళ్ళకూ మధ్య బేరం కుదిర్చే మనిషి. ఊళ్ళో అందరికీ చాచా, నాకూ చాచానే. పత్తి కాలంలో ఆ ముందు గది నిండా నమూనా మూటలుంటాయి. అప్పుడు ఆ ఇంట్లో అడుగు పెట్టినవాడు తుమ్ముతూ లోపలికి పోయి, జుట్టు నెరిసినవాడిలాగా బయటికొస్తాడు. పత్తి లేని నెలల్లో మాత్రం గది ఖాళీ. నా స్నేహితుడి కన్ను ఆ ఖాళీ మీద పడింది. ఎందుకంటే అప్పుడే దులాభాయి సెలవు మీద వచ్చాడు.

దులాభాయి అంటే వాడి అక్క మొగుడు, గల్ఫ్‌లో పని. వాడు అట్లా పిలుస్తాడు గనక వీధిలో ముసలాళ్ళు కూడా దులాభాయి అనే పిలిచేవాళ్ళు. ఆ విధంగా ఆయన ఒక్కడే మా వీధి మొత్తానికీ బావ. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు టేపు రికార్డరూ సెంటు సీసాలూ తెస్తారు. ఆయన ఒక నల్ల డబ్బా తెచ్చాడు. దాన్ని టీవీకి తగిలిస్తే టీవీలో మనమే ఆడుకోవచ్చు. డబ్బాలోంచి రెండు వైర్లు, ఒక్కో వైరు చివర పిడికిట్లో పట్టేంత పుల్ల, పక్కన ఒక మీట. ఆ పుల్లకు డబ్బా మీద ఏదో ఇంగ్లీషు పేరుంది. మేం గేరు అన్నాం. లారీలు ఎక్కువున్న ఊరు మాది.

వాడు చాచా దగ్గరికి పోయి అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"అబ్బాజాన్, ముందర గది ఖాళీగానే ఉండాది గదా..."

"ఉండాది."

"దాంట్లో ఈ టీవీ ఆట పెట్టుకుంటే..."

చాచా మీసం దువ్వుకున్నాడు. "పెట్టుకో. కొత్త పత్తి వచ్చేదాకా. పత్తి వచ్చినాక గది నాది, నువ్వూ నావాడివి. వచ్చి మార్కెట్లో నా పక్కన కూసోవాల."

మామూలు మాట లాగే ఉంది గానీ, వాడి మొహం అప్పుడే పాలిపోయింది. దానికి కారణం చెప్పాలి.

దలాలులు ధర నోటితో చెప్పరు. ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుంటారు, మధ్యలో తువ్వాలు పరుస్తారు, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఏ వేలు నొక్కితే ఎంత అన్నది వాళ్ళిద్దరికే తెలుసు. పైన మాత్రం వాన గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడుకుంటుంటారు. చుట్టూ నిలబడ్డ రైతులకు గానీ వేరే దలాలులకు గానీ ఏమీ తెలియదు. మొహంలో ఒక్క వెంట్రుక కూడా కదలకూడదు. చాచా ఆ పనిలో ఘనుడు. ఆయన మొహం చూసి ఎండా వానా కూడా చెప్పలేం.

ఆయన కొడుక్కి మాత్రం దేవుడు మొహం బదులు సినిమా తెర పెట్టాడు. వాడు అబద్ధం చెప్పాలంటే వీపు తిప్పుకొని చెప్పాలి. కిందటి సీజన్లో చాచా వాణ్ణి పని నేర్పుదామని, ఏ వేలికి ఎంతో చెప్పి, తువ్వాలు అంచు వాడికి మాత్రం కనపడేట్టు ఎత్తి పక్కన నిలబెట్టుకున్నాడు. కొనడానికి వచ్చిన సేటు చాచా వేళ్ళు పట్టుకొని, చూపు మాత్రం వీడి మొహం మీద పెట్టాడు. ఒక వేలు, వీడి మొహం ముడుచుకుంది. ఇంకో వేలు, ఇంకా ముడుచుకుంది. మూడో వేలికి పండగ వచ్చినట్టు వెలిగింది. సేటు అక్కడే ఆగిపోయాడు. చాచా ఇంటికొచ్చి అన్నం తినలేదని వాడు చెప్పాడు. నేను కనుక్కున్నాను, తిన్నాడు. పెరుగు మాత్రం వేసుకోలేదు.

కాబట్టి ఆ గది నిలబడితే వాడి బతుకు వాడిది. గది పోతే జీవితమంతా చాచా పక్కన, మొహం మీద మొహం లేకుండా కూర్చోవాలి. అది వాడి వల్ల కాదు. నాకైతే కూర్చోడానికి ఒక బల్ల పోతుంది. నేనూ దిగులుపడ్డాను.

ఆటకు ఇంత అని డబ్బులు తీసుకొని ఆడించేట్టు గది తెరిచాం. వీధి చివర ఒక హోటలు మూతపడితే దాని నల్లబోర్డు తెచ్చి గుమ్మం పక్కన తగిలించాం. దాని మీద పైన పెయింటుతో 'నేటి స్పెషల్' అని రాసి ఉంది, ఎంత గీకినా పోలేదు. సరే, ఉండనీ అన్నాను. దాని కింద సుద్దముక్కతో ఆ రోజు ఆడుతున్న ఆట మీద నా తీర్పు రాయడం మొదలుపెట్టాను.

రాళ్ళు తేలుతూ వస్తుంటే కాల్చి పగలగొట్టే ఆట: "పెద్ద రాయి పగిలితే చిన్న రాళ్ళయితాయి. ఆలూరు దిక్కు మా చేనులో ఇదే పని, దానికి కరెంటు అక్కర్లేదు."

పైనుంచి వరసలు వరసలుగా దిగే వింత జీవుల ఆట: "ఎంతమందిని పంపినా ఇంకా వస్తూనే ఉంటారు. పెండ్లి అయిపోయిందని వీళ్ళకు ఎవరూ చెప్పలేదు."

కార్ల పందెం: "రోడ్డు నున్నగా ఉంది. మన తాలూకా కాదు."

మొదటి రోజే నా స్నేహితుడు నెత్తి కొట్టుకున్నాడు. "అరే, గిరాకీని పిలుస్తాండావా, తరుముతాండావా?"

"సూస్తా ఉండు."

నేను అన్నట్టే అయింది. బాగుంది అని రాస్తే ఎవరూ నమ్మరు, ప్రతి సినిమా పోస్టరూ అదే అంటుంది. బాగలేదు అని రాస్తే మాత్రం, అది తప్పని నిరూపించడానికి లోపలికొస్తారు. గోనెగండ్ల నుంచి మార్కెట్‌కు వచ్చిన ఒక రైతు రాళ్ళ ఆట బోర్డు చదివి, "రాయి పగలగొట్టేది మాకు నేర్పేదేమిప్పా," అంటూ కూర్చొని, బస్సు తప్పిపోయేదాకా లేవలేదు. పోయేటప్పుడు బోర్డు దగ్గర ఆగి, "నువ్వు రాసింది నిజమే. మా సేన్లో రాళ్ళు మాత్రం తిరిగి కొట్టవు," అన్నాడు. దాన్నీ రాసేశాను.

అయితే ఉన్న ఆటలన్నీ ఊరికి పాతపడ్డాయి. జనం పలచబడ్డారు. బయట చేలల్లో పత్తి కాయ పగులుతోంది. చాచా ఒకరోజు గది గుమ్మంలో నిలబడి, గోడలను చేతితో కొలుస్తూ కనిపించాడు. నా స్నేహితుడు ఆ పూట టీ తాగలేదు. వాడి వాటా నేను తాగాను.

సరిగ్గా అప్పుడు, తిరిగి గల్ఫ్‌కు పోయిన దులాభాయి నుంచి మాట వచ్చింది. ఆయన ఉత్తరాలు రాయడు, టేపులో మాట్లాడి ఎవరైనా వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుతాడు. ఇంట్లో అందరూ టేపు రికార్డరు చుట్టూ కూర్చొని వింటారు. అత్తగారి మోకాళ్ళ నొప్పి, మేనమామ పెండ్లి సంబంధం, ఇంటికి సున్నం, అన్నీ అయిపోయాక, టేపు చివర్లో, ఊపిరి తీసుకుంటున్నంత సేపులో ఒక్క మాట అన్నాడు: ట్యాంకుల యుద్ధం ఆట దొరికింది, ఇద్దరు ఒకరినొకరు కాల్చుకోవచ్చు, మనవాళ్ళలో ఎవరో వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపిస్తాను.

అప్పటిదాకా మా గదిలో ఆటలన్నీ మనిషికీ మిషనుకూ మధ్య. మనిషికీ మనిషికీ యుద్ధం అనేసరికి ఊరు ఊగింది. దులాభాయి అన్నది ఒక్క మాట. అది బజారు దాటేసరికి నాలుగు మాటలైంది, రైల్వే స్టేషన్ చేరేసరికి సిపాయీలు వచ్చి చేరారు.

"రంగులంట! రకతం ఎర్రగానే కనపడతాదంట!"

"మన టీవీ నల్లదీ తెల్లదీనే గదప్పా," అన్నాను. "రకతం బూడిద రంగులో కారతాది."

"ఒగేసారి యాభైమంది ఆడొచ్చంట! దేవరగట్టు కట్టెల జాతర మాదిరి!"

"గేర్లు రెండే ఉండాయి. తక్కిన వాళ్ళు కట్టెలు తెచ్చుకోవాల."

ఇంకొకడు గొంతు తగ్గించి, దేశ రహస్యం చెబుతున్నట్టు అన్నాడు: "ఈడ ఆదోనిలో ఒగడు, ఆడ ఎమ్మిగనూర్లో ఒగడు కూసోని, వైరు మీద కొట్టుకోవచ్చంట."

అందరూ నా వైపు చూశారు. నేను కాదనలేదు. "కొట్టుకోవచ్చు," అన్నాను. "ట్రంకు కాల్ బుక్ చేసి కూసోవాల. లైను కలిసేలోపల యుద్ధం అయిపోయి, రాజీ అయిపోయి, ఇద్దరికీ మనవళ్ళు పుట్టింటారు."

బోర్డు మీద ఆ వారమంతా ఒకటే ఉంచాను: "రాబోయే ఆట: చూడలేదు. అందుకే చాలా బాగుంది."

వైరు మీద రాకపోయినా ఎమ్మిగనూరు బస్సు మీద వచ్చింది. అక్కడ నేతగాళ్ళ వీధిలో కూడా ఒక ఇంట్లో ఇట్లాంటి డబ్బా ఉంది. దాని మీద ఎవరికీ అందని వాడు ఒక మగ్గం నేసే కుర్రవాడు, మా వయసే. చేతులు మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కంటే వేగం అని పేరు. వాడు మా గదికి వచ్చి, అన్ని ఆటలూ ఆడి, అన్నిట్లో పాయింట్ల మీద మావాణ్ణి ఓడించి, లేచి భుజం తట్టాడు.

"మీ యుద్ధం ఆట రానీప్పా. మొదటి పందెం మనకే. మా ఊరోళ్ళను బస్సు నిండా తీసుకొస్తా."

"రండి, ఉగ్గాని పెట్టిస్తాం," అన్నాడు మావాడు, ధైర్యంగా. మొహం మాత్రం ఉగ్గాని సంగతి తర్వాత, ప్రాణం సంగతి చూడండి అంటోంది.

ఆ మాట లోపలి గదిలో చాచాకు వినబడింది. ఆయన బయటికొచ్చి నిలబడ్డాడు. "పందెం నాడు నేనొచ్చి కూసుంటా. అంతా సూసినాక గది సంగతి సెప్తా," అని లోపలికి పోయాడు. ఆయన మొహంలో ఏమీ లేదు. ఎప్పుడూ లేదు.

కొత్త ఆట క్యాసెట్టు వచ్చిన పూట మా వీధిలో మనిషి నడవడానికి చోటు లేదు. మావాడు బిస్మిల్లా అని క్యాసెట్టు డబ్బాలో దిగ్గొట్టి స్విచ్చి వేశాడు. తెర వెలిగింది. మైదానం కనిపించింది. మధ్యలో అడ్డంగా నాలుగు గోడలు. అంతే.

"ట్యాంకులేవప్పా?"

"వస్తాయి ఉండండి. లడాయి దూరముండాదేమో," అన్నారెవరో.

రాలేదు. మావాడు గేరు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గుర్రుమని ఇంజను చప్పుడు మాత్రం వస్తోంది. ఇంకెవడో, "యాంటెన్నా తిరిగింటాది," అని అరిచాడు. అంతే, ఇద్దరు మిద్దె ఎక్కారు. చుట్టుపక్కల మిద్దెల మీద నుంచి సలహాలు మొదలయ్యాయి. హైదరాబాదు దిక్కుకు తిప్పమని ఒకరు, ట్యాంకులు గదా, ఢిల్లీ దిక్కుకు తిప్పమని ఒకరు.

"వచ్చినాయా?" పైనుంచి.

"రాలే!" కింది నుంచి.

"ఇప్పుడు?"

"గోడలు మాత్రం ఉండాయి!"

యాంటెన్నా వైరు ఊడదీసి, ఆ కన్నంలోనే కదా ఈ డబ్బాను తగిలించింది! ఊడిన వైరు కిటికీ పక్కన ఊగుతూ ఉంది. ఆ మాట చెప్పడానికి నాకు మనసు రాలేదు, పైన వాళ్ళు అంత శ్రద్ధగా తిప్పుతున్నారు. టీవీ మెకానిక్‌ను పిలుచుకొచ్చారు. ఆయన వెనక మూత విప్పి, తల లోపల పెట్టి, చాలాసేపటికి బయటికి తీసి, "గోడలు బాగా వస్తాండాయి," అన్నాడు.

నేను బయటికి పోయి బోర్డు తుడిచి రాశాను: "కొత్త ఆట: ఎండాకాలంలో ఆలూరు చేలు. మనిషి లేడు, గొడ్డు లేదు, ట్యాంకులు వలస పోయాయి."

మావాడు అది చదివి నా మీదికి వచ్చాడు. "నా గది పోతాంటే నీకు నవ్వులాటగా ఉందా?" అని గేరు నేలకేసి కొట్టబోయాడు. కొట్టలేదు, అది దులాభాయిది. కానీ కోపంలో మీట మీద వేలు పడింది. తెర మీద ఒక మూల చిన్న ట్యాంకు తటాలున కనిపించి, గుండు కాల్చి, మాయమైంది.

వీధి వీధంతా ముందుకు వంగింది. మిద్దె మీద నుంచి ఒక గొంతు: "ఇప్పుడు వచ్చినాయా?"

అప్పుడు అర్థమైంది. డబ్బా మీద ఒక చిన్న బొత్తాం ఉంది, అది నొక్కినప్పుడల్లా ఆట రకం మారుతుంది. ఎవడి వేలు తగిలిందో, మాకు ముందే కనపడని ట్యాంకుల ఆట తగిలింది. కాల్చినప్పుడో, గోడను గుద్దుకున్నప్పుడో, దెబ్బ తగిలినప్పుడో మాత్రమే ట్యాంకు ఒక్క క్షణం కనిపిస్తుంది. మిగతాసేపు ఆడేవాడికి కూడా తానెక్కడున్నాడో తెలియదు. బొత్తాం నొక్కితే కనపడే ట్యాంకులు కూడా వచ్చాయి, జనం చప్పట్లు కొట్టారు. మిద్దె మీద యాంటెన్నా పట్టుకున్న ఇద్దరూ ఆ చప్పట్లు తమకే అనుకొని దిగి వచ్చారు. ఎవరూ కాదనలేదు.

మార్కెట్ సెలవు రోజు మధ్యాహ్నం పందెం. ఎమ్మిగనూరు బస్సు నిజంగానే నిండా వచ్చింది. గదిలో చోటు చాలక కిటికీల్లో మనుషులు, గుమ్మంలో మనుషులు, గుమ్మంలోని మనుషుల భుజాల మీద మనుషులు. చాచా వచ్చాడు, భుజం మీద తువ్వాలుతో. వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను టీవీ పక్కన నిలబడి జరుగుతున్నది జరిగినట్టు చెబుతున్నాను.

మావాడు బొత్తాం నొక్కి కనపడే ట్యాంకులు తెచ్చాడు. ఎమ్మిగనూరు వాడు అడ్డం చెప్పాడు.

"కనపడే ట్యాంకును కొట్టేదానికి నేను బస్సెక్కి రావాల్నా? కనపడంది పెట్టప్పా."

జనం ఈల వేశారు. పెట్టక తప్పలేదు. ఆట మొదలైంది. మావాడు కదిలిన ప్రతిసారీ గుండు సూటిగా వచ్చి తగులుతోంది. ఎడమకు పోతే ఎడమకు, గోడ చాటుకు పోతే గోడ చాటుకు. అవతలివాడికి చూపు ఉందా, మంత్రం ఉందా! ఎమ్మిగనూరు వాళ్ళు ప్రతి దెబ్బకూ లేస్తున్నారు. "ఆదోని సైన్యం ఇప్పుడు ఏ మూలనుందో ఆదోని సైన్యానికీ తెలీదు," అని నేను చెబుతూనే ఉన్నాను. మావాడు మెడ వరకూ తడిసిపోయాడు. వాడి మొహంలో ఆ గది గోడలన్నీ ఒక్కొక్కటే కూలుతుండటం అందరికీ కనపడింది.

చాచాకు తెర మీద ఏమీ అర్థం కాలేదు. అందుకని ఆయన తెరను చూడలేదు. మనుషుల్ని చూస్తున్నాడు.

ఆయన లేచాడు. ముందుకొచ్చాడు. ఎమ్మిగనూరు వాడి కళ్ళ ముందు చెయ్యి ఆడించాడు, వాడు ఉలిక్కిపడ్డాడు. "బేటా, నీ కండ్లు టీవీ మీద లేవు గదా," అన్నాడు మెల్లగా. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "బేరమంతా బయట పెట్టుకోని కూసుంటివి గదరా!" భుజం మీది తువ్వాలు తీసి వాడి చేతి మీద, గేరు మీద కప్పాడు.

అప్పుడు అందరికీ అర్థమైంది. గేరు ఎటు వంగితే ట్యాంకు అటు తిరుగుతుంది. నేతగాడు ఇంతసేపూ ఖాళీ తెరను కాదు, మావాడి మణికట్టును చూసి కాలుస్తున్నాడు.

"ఇదేంది చాచా! గుడ్డ కప్పితే ఎట్ల?" అని లేచాడు వాడు.

"తెర మీద నా కొడుకు సెయ్యి లేదు గదా బేటా. నువ్వు తెరను సూసి ఆడు."

ఆదోని వాళ్ళ కేకలు మిన్నంటాయి. వాడు ఒక్క క్షణం బిక్కమొహం వేసి, తర్వాత వంగి, తువ్వాలు అంచు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. చూసి, కడుపు పట్టుకొని నవ్వాడు. "ఓరప్పా! ఇది మా వీధి మగ్గం గుడ్డ! మా గుడ్డతోనే మమ్మల్ని కొడతాండారు!"

ఆట మళ్ళీ నడిచింది. చెయ్యి కనపడకపోయేసరికి నేతగాడి వేగమంతా గోడలకు తగలడం మొదలైంది. గోడ తగిలిన ప్రతిసారీ వాడి ట్యాంకు బయటపడుతోంది, మావాడు కాలుస్తున్నాడు. లెక్క దగ్గరపడింది. వాడు కొంతసేపు ఓర్చుకొని, "నాకూ ఒగ తువ్వాలు ఈయండప్పా!" అని అరిచాడు. వాళ్ళ ఊరివాళ్ళు గాల్లోకి విసిరిన తువ్వాళ్ళు మా టీవీని కూడా కప్పేశాయి; వాడికొకటి ఉంచి తక్కినవి తీసేశాం.

ఇప్పుడు ఇద్దరి చేతులూ తువ్వాళ్ళ కింద. ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఇద్దరూ తెలివి తెచ్చుకొని, గోడ తగలకుండా, కాల్చకుండా, మెల్లమెల్లగా తిరుగుతున్నారు. తెర మీద మొదట ట్యాంకులు లేవు, తర్వాత గోడలూ ఇంజను చప్పుడూ కూడా లేవు; అదీ ఆటలో ఒక రకమే అనుకున్నాం. కదులుతున్నవి రెండు తువ్వాళ్ళు, అవీ కొంచెమే. అంతమంది జనం ఊపిరి బిగబట్టి, కన్నార్పకుండా ఆ ఖాళీని చూస్తున్నారు. నేను సినిమా గేట్ల దగ్గర ఎన్నో ఏళ్ళు నిలబడ్డాను. అంత శ్రద్ధగా చూసే జనాన్ని ఎప్పుడూ చూడలేదు. నాకు కూడా అనడానికి ఏమీ తోచలేదు. మా వీధిలో ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

అట్లా చాలాసేపు గడిచింది. చివరికి కిటికీలో కూర్చున్న ఒకాయన చొక్కాతో విసురుకుంటూ, "ఫ్యాను యాల ఆగింది?" అన్నాడు.

కరెంటు పోయి ఎంతసేపైందో ఎవరికీ తెలియదు.

కరెంటు మళ్ళీ వచ్చేసరికి డబ్బా పాత లెక్కంతా మరిచిపోయింది. మేమే ముందున్నామని ఎమ్మిగనూరు వాళ్ళు, ఇద్దరం సమానమని ఆదోని వాళ్ళు అరుచుకున్నారు. ఈ తగాదా తీరేది కాదు, తీరితే మళ్ళీ బస్సెక్కి రావాల్సిన పని ఉండదు. మావాడు మాత్రం ఆ గొడవలో లేడు. తువ్వాలు కింద చెయ్యి అట్లాగే పెట్టుకొని, చాచా వైపు చూస్తున్నాడు. వాడికి కావలసిన తీర్పు అక్కడుంది.

జనం కూడా మెల్లగా చాచా వైపు తిరిగారు. ఆ గది సంగతి ఆదోనిలో తెలియనివాళ్ళు లేరు, ఎమ్మిగనూరు వాళ్ళకు బస్సులో తెలిసింది.

చాచా వచ్చి కొడుకు ఎదురుగా కింద కూర్చున్నాడు. మార్కెట్లో కూర్చున్నట్టే కూర్చొని, తన చెయ్యి తువ్వాలు కింద పెట్టి, వాడి వేళ్ళు పట్టుకున్నాడు. పైకి నా వైపు తిరిగి, "ఏం బేటా, మీ ఆలూరు దిక్కు వానలెట్ల?" అన్నాడు.

"బాగనే పడినాయి చాచా," అన్నాను.

"శనక్కాయ?"

"పరవాలేదు చాచా."

తువ్వాలు ఒకసారి కదిలింది. ఏ వేలు నొక్కాడో, ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడో ఆయన మొహంలో ఏమీ లేదు. చూసి లాభం లేదని అందరికీ తెలుసు. అందరూ కొడుకు మొహమే చూశారు.

అది మొదట అర్థం కానట్టు నిలబడింది. తర్వాత కనుబొమలు పైకి లేచాయి. తర్వాత గదిలో లైటు ఇంకొకటి వేసినట్టయింది. కిటికీల్లోని వాళ్ళు, భుజాల మీది వాళ్ళు, ఎమ్మిగనూరు వాళ్ళు, అందరూ ఒక్కసారిగా అరిచారు. గది వాడిదే అని ఎవరూ నోటితో చెప్పలేదు.

చాచా చెయ్యి బయటికి తీసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సూడండప్పా," అన్నాడు అందరి వైపూ తిరిగి, "ఈ మొగం పెట్టుకోని వీడు మార్కెట్లో కూసుంటే నా ఇల్లు పత్తితో పాటు ఎగిరిపోదా? ఈడనే ఉండనీ. మూటలు వెనకింట్లో పెట్టుకుంటా." లోపలికి పోబోయి ఆగి, నన్ను చూశాడు. "నువ్వు కూడా ఈడనే ఉండు. నిన్ను మార్కెట్‌కు రానిస్తే పత్తి బాగలేదని బోర్డు రాస్తావు."

ఎమ్మిగనూరు వాడు బస్సెక్కుతూ కిటికీలోంచి అరిచాడు: "వచ్చేసారికి మీ తువ్వాలు వద్దు, మా గుడ్డ మేమే తెస్తాం! ఉగ్గాని మాత్రం మీరే!"

ఆ సీజన్లో వెనకింటి నుంచి పత్తి దూది ఎగిరొచ్చి టీవీ మీద పడేది. తెర మీద మంచు కురిసినట్టుండేది, కొత్తగా వచ్చినవాళ్ళు అది కూడా ఆటలో భాగమే అనుకొని ఇంకా మెచ్చుకునేవాళ్ళు. కనపడని ట్యాంకులు ఆడాలంటే తువ్వాలు తెచ్చుకోవాలన్నది మా గది నియమం అయిపోయింది. తేనివాళ్ళకు చాచా తువ్వాలు ఇచ్చేవాళ్ళం. చాచా ఇంట్లో దాన్ని ఉతకలేక కొత్తది కొన్నారు.

పందెం నాటి సాయంత్రం, ఎమ్మిగనూరు బస్సు పోయాక నేను బోర్డు దగ్గరికి పోయాను. ఆలూరు చేల మాట తుడిచేశాను. 'నేటి స్పెషల్' కింద సుద్దముక్కతో రాశాను: "ఏమీ కనపడదు. బాగుంది."

నేను చూసిన ఆటను బాగుందని రాసింది అదొక్కసారే. మరునాడు నా స్నేహితుడు అది చదివి చాలా ఆందోళన పడ్డాడు, జనం రారేమోనని.